పెట్టె మళ్ళీ తెరవడం: స్థానిక ఎన్నికల్లో పునర్లెక్కింపు, తనిఖీల చరిత్ర

వ్యాససంగ్రహం

పంచాయతీ, పురపాలక ఎన్నికల్లో ఓట్ల పునర్లెక్కింపునకు సంబంధించిన నియమాలూ న్యాయసూత్రాలూ భారతదేశంలో ఏర్పడిన క్రమాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. లక్షల ఓట్లున్న లోక్‌సభ నియోజకవర్గాల తగాదాల్లో పుట్టిన కట్టుబాట్లు వందల ఓట్లున్న గ్రామాలకు దాదాపు యథాతథంగా వర్తించాయనీ, దానివల్ల పునర్లెక్కింపు అతి సులభంగా సాధ్యమయ్యే చోటనే అది అతి దుర్లభమైనదనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. తెలుగు రాష్ట్రాల పంచాయతీ లెక్కింపు విధానం, సుప్రీంకోర్టు తీర్పులు, యంత్రాల రాకతో వచ్చిన మార్పులు ఇందులో చర్చకు వస్తాయి.

కీలకపదాలు: పునర్లెక్కింపు, గ్రామ పంచాయతీ, ఎన్నికల ట్రిబ్యునల్, బ్యాలెట్ రహస్యం, వీవీప్యాట్, ఆడిట్.

1. ఉపోద్ఘాతం

తమిళనాడులో ఒక పంచాయతీ అధ్యక్ష పదవికి జరిగిన ఎన్నికలో ఓడిన అభ్యర్థి ఎన్నికల ట్రిబ్యునల్‌ను ఆశ్రయించాడు. ట్రిబ్యునల్ ఓట్లను తిరిగి లెక్కించమన్నది. లెక్కిస్తే ఓడినవాడికే ఎక్కువ ఓట్లు వచ్చినట్లు తేలింది. అయినా అతనికి పదవి దక్కలేదు. లెక్కించమని ఆదేశించిన నాటికి ట్రిబ్యునల్ ముందు తగిన ఆధారం లేదు కనుక ఆ ఆదేశమే నిలవదని తేలింది. షంసుద్దీన్ కేసుగా పేరొందిన 1989 నాటి తీర్పులో సుప్రీంకోర్టు ఈ సంగతిని నిర్మొహమాటంగా చెప్పింది: పునర్లెక్కింపులో బయటపడిన ఫలితాన్ని చూపించి పునర్లెక్కింపు ఆదేశాన్ని సమర్థించుకోరాదు.

అటుపైన 36 ఏళ్లకు, 2025 ఆగస్టు 6న, హర్యానాలోని పానిపట్ జిల్లా బువానా లాఖూ గ్రామానికి చెందిన ఓటింగ్ యంత్రాలను ఢిల్లీకి తెప్పించి, అదే సుప్రీంకోర్టు తన ప్రాంగణంలోనే వాటిని తెరిపించింది. కోర్టు రిజిస్ట్రార్ ఎదుట, ఇరుపక్షాల సమక్షంలో, వీడియో చిత్రీకరణ మధ్య ఓట్లు లెక్కించారు. గ్రామానికి సర్పంచ్ మారిపోయాడు.

ఈ రెండు ఘటనలనూ పక్కపక్కన పెడితే న్యాయవ్యవస్థ మనసు మార్చుకున్నదని అనిపించవచ్చు. అది తొందరపాటు నిర్ణయమవుతుంది. 1989 నాటి సూత్రం నేటికీ రద్దు కాలేదు. కింది ట్రిబ్యునళ్లు దానినే ఉదహరిస్తున్నాయి. మారినది ఓటును నమోదు చేసే వస్తువు. పునర్లెక్కింపు చరిత్రను న్యాయసూత్రాల చరిత్రగా మాత్రమే రాస్తే సగమే రాసినట్లు. ఓటు దేనిమీద నిలిచి ఉంటుంది, దానిని మళ్ళీ చూడాలంటే ఏది తెరవాలి, తెరిస్తే ఎవరి రహస్యం బయటపడుతుంది అన్న భౌతికమైన ప్రశ్నలు మిగతా సగం.

2. అందరూ చదివే పత్రం

స్థానిక పాలనను గూర్చిన వ్యాసాలన్నీ ఉత్తరమేరూరు శాసనాలతో మొదలుపెట్టడం ఒక ఆచారంగా మారింది. చోళరాజు మొదటి పరాంతకుని కాలానికి చెందిన 919, 921 నాటి ఆ శాసనాలను గ్రామ ప్రజాస్వామ్యానికి సాక్ష్యాలుగా చూపుతుంటారు. నిజానికి అక్కడ జరిగినది ఓటింగ్ కాదు, చీటీ తీయడం. అర్హత కూడా భూమి, ఇల్లు, వేదపాండిత్యం ఉన్నవారికే. ఎన్నిక అన్న మాటను అక్కడ వాడేటప్పుడు ఈ తేడాను మరచిపోరాదు.

అయినా ఆ శాసనంలో లెక్కింపు చరిత్రకు పనికివచ్చే అంశాలు రెండున్నాయి. కుండలోనుంచి తాటాకు చీటీని తీసేది లోపల ఏమున్నదో తెలియని బాలుడు. ఆ చీటీని అందుకొనే మధ్యస్థుడు అయిదు వేళ్లూ చాచిన అరచేతిలో దానిని తీసుకోవాలి. అంటే వేళ్ల సందున మరో చీటీ దాచే వీలుండకూడదు. అతను చదివిన తరువాత మండపంలో ఉన్న పూజారులందరూ ఆ చీటీని చదవాలి. అప్పుడే ఆ పేరు ఖాయమవుతుంది. మళ్ళీ చదవడం అక్కడ ఫిర్యాదు మీద జరిగే పని కాదు. ప్రక్రియలోనే అది ఒక అంగం. రెండవ అంశం: వారియంలో పనిచేసి లెక్కలు అప్పజెప్పనివారు, వారి బంధువులు మళ్ళీ చీటీకి అర్హులు కారు. నేటి పరిభాషలో ఆడిట్ అనదగినది ఆ శాసనంలో ఎన్నిక అర్హతతోనే ముడిపడి ఉన్నది.

3. జ్ఞాపకం లేని కాగితం

1951–52 తొలి సాధారణ ఎన్నికల బ్యాలెట్ పత్రం మీద అభ్యర్థి పేరు లేదు, గుర్తు లేదు. అది రూపాయి నోటంత కాగితం. దానికొక వరుస సంఖ్య ఉండేది. ప్రతి అభ్యర్థికీ గుర్తు అంటించిన వేరే పెట్టె. ఓటరు మరుగులోకి వెళ్లి, తనకు నచ్చిన పెట్టెలో కాగితాన్ని వేసేవాడు. చదువు రాని కోట్లాది ఓటర్ల కోసం సుకుమార్ సేన్ నాయకత్వంలోని ఎన్నికల సంఘం చేసిన ఈ ఏర్పాటు ఆనాటికి తెలివైనదే.

పునర్లెక్కింపు దృష్టితో చూస్తే మాత్రం ఆ పద్ధతికి పెద్ద లోపం ఉన్నది. ఓటు కాగితం మీద నమోదు కాలేదు, పెట్టె నమోదు చేసింది. పెట్టెలోనుంచి తీసిన మరుక్షణం ఆ కాగితం ఎవరిదో చెప్పలేని ఖాళీ కాగితమవుతుంది. ఒక కట్ట ఒక బల్ల మీదనుంచి మరో బల్ల మీదికి జారితే, ఎన్నిసార్లు లెక్కించినా తప్పు దొరకదు. తప్పుడు మొత్తమే మళ్ళీ మళ్ళీ సరిపోతుంది. ఓటరు కాగితాన్ని పెట్టెలో వేయకుండా బయటికి తెచ్చి అమ్ముకొనే వీలు కూడా ఈ పద్ధతిలోనే ఎక్కువ.

1960 దశకం మొదటికి దేశంలో ముద్రవేసే పద్ధతి వచ్చింది. ఒకే కాగితం మీద అభ్యర్థులందరి పేర్లు, గుర్తులు. ఓటరు తన ముద్రను ఒకదాని ఎదుట వేస్తాడు. అప్పుడు కాగితానికి జ్ఞాపకం వచ్చింది. ఓటరు ఉద్దేశాన్ని ఏళ్ల తరువాత కూడా ఆ కాగితాన్ని చూసి చెప్పవచ్చు. నేడు మనం పునర్లెక్కింపు అంటున్న ప్రక్రియ, అంటే ముద్రను మళ్ళీ పరిశీలించి చెల్లుబాటును మళ్ళీ నిర్ణయించడం, ఈ మార్పుతోనే అర్థవంతమైంది. 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాల్లో 63వ నియమం దీనికి చట్టరూపం. తరువాత రాష్ట్రాలు పంచాయతీ ఎన్నికల నియమాలు రాసుకొన్నప్పుడు ఆ నియమపు అచ్చులోనే పోసుకొన్నాయి.

ముద్ర వేసే పద్ధతితో మరో చిక్కు కూడా వచ్చింది. బ్యాలెట్ పత్రానికి వరుస సంఖ్య ఉంటుంది. చింపి ఇచ్చిన తరువాత మిగిలే కౌంటర్‌ఫాయిల్ మీద అదే సంఖ్య, ఓటరు జాబితా సంఖ్య ఉంటాయి. రెంటినీ ఒకచోట పెడితే ఎవరు ఎవరికి ఓటు వేశారో తెలిసిపోతుంది. బ్రిటన్ 1872 నాటి బ్యాలెట్ చట్టంనుంచి వచ్చిన ఏర్పాటిది. దొంగ ఓటును పట్టుకోవడానికి ఉద్దేశించినది. పెట్టెలు తెరవడానికి న్యాయస్థానాలు వెనకాడటానికి ఈ భయం ఒక ముఖ్య కారణం. అయితే పునర్లెక్కింపునకు కౌంటర్‌ఫాయిళ్లు తెరవనక్కరలేదు. బ్యాలెట్ పత్రాల కట్టలు చాలు. ఈ రెండు పనుల మధ్య ఉన్న తేడాను తీర్పులు అన్నివేళలా స్పష్టంగా పాటించినట్లు కనిపించదు.

4. బల్ల దగ్గర

తెలుగు రాష్ట్రాల గ్రామ పంచాయతీ ఎన్నికల్లో లెక్కింపు పోలింగ్ జరిగిన నాడే జరుగుతుంది. తెలంగాణలో ఉదయం 7 గంటలనుంచి మధ్యాహ్నం 1 గంటవరకు పోలింగ్, 2 గంటలకు లెక్కింపు ఆరంభం. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో పోలింగ్ మధ్యాహ్నం 3.30కి ముగిసి, 4 గంటలకు లెక్కింపు మొదలైంది. చాలా గ్రామాల్లో అది దీపాల వెలుతురులో కొనసాగింది. స్థలం సాధారణంగా ఊరి పాఠశాలే. అధికారి స్టేజ్–2 రిటర్నింగ్ అధికారి. వృత్తిరీత్యా ఎక్కువగా ఉపాధ్యాయుడో, మరో శాఖ ఉద్యోగో.

మొదటి పని లెక్కింపు కాదు, సరిచూడటం. ప్రతి పోలింగ్ కేంద్రపు ప్రిసైడింగ్ అధికారి తనకు వచ్చిన బ్యాలెట్ పత్రాలెన్ని, ఓటర్లకు ఇచ్చినవెన్ని, మిగిలినవెన్ని అన్న పట్టికను సంతకంతో అప్పగిస్తాడు. పెట్టెలో తేలిన కాగితాల సంఖ్య ఆ పట్టికతో సరిపోవాలి. మన నియమాల్లో ఆడిట్ అన్న మాట ఎక్కడా లేకపోయినా ఆ పని చేసేది ఈ పట్టికే. పునర్లెక్కింపు తగాదాల్లో నిలబడే వాదనలు తరచూ ఇక్కడినుంచే పుడతాయి: ఇచ్చినవాటికన్నా పెట్టెలో ఎక్కువ కాగితాలున్నాయా, చెల్లిన ఓట్లూ చెల్లనివీ కలిపితే మొత్తం ఎందుకు తేలడం లేదు, పట్టికలో దిద్దిన అంకె మీద సంతకం ఉన్నదా?

ఆ తరువాత రంగుల వేరుచేత. తెలంగాణలో సర్పంచ్ బ్యాలెట్ గులాబీ రంగు, వార్డు సభ్యునిది తెలుపు. కాగితాలను 25 చొప్పున కట్టలు కడతారు. ముందు వార్డు సభ్యుల ఓట్లు, తరువాత సర్పంచ్ ఓట్లు. ఏజెంట్ల కళ్లు కట్టల మీదే ఉంటాయి. తేడా తక్కువగా ఉన్నచోట అనుమానం రెండింటి మీద వస్తుంది. ఒకటి, 25 అన్న కట్టలో 24 ఉన్నాయా, 26 ఉన్నాయా. రెండు, సందేహాస్పదమైన బ్యాలెట్లు. ముద్ర ఇద్దరు అభ్యర్థుల గళ్ల మధ్య గీత మీద పడవచ్చు. మడత పెట్టినప్పుడు సిరా ఎదుటి గడిలో అంటుకోవచ్చు. కొందరు ముద్రకు బదులు వేలిముద్ర వేస్తారు. మడతవల్ల అంటిన సిరా అయితే ఓటు చెల్లుతుంది. వేలిముద్ర ఓటరు ఎవరో తెలిపేది కనుక చెల్లదు. ఈ తీర్పులన్నీ ఒక మనిషి, ఒక బల్ల, కొన్ని నిమిషాలు.

మొత్తాలు ప్రకటించిన తరువాత, ఫలితం ప్రకటించే లోపల, అభ్యర్థిగాని అతని ఏజెంటుగాని రాతపూర్వకంగా, కారణాలు చూపుతూ పునర్లెక్కింపు కోరవచ్చు. రిటర్నింగ్ అధికారి దానిని పూర్తిగానో కొంతమేరకో అంగీకరించవచ్చు. అర్థరహితమని తోస్తే తిరస్కరించవచ్చు. ఏదైనా కారణాలు రాయాలి. ఫలితపత్రం మీద సంతకం పడిన మరుక్షణం ఆ అధికారం అతని చేతినుంచి పోతుంది. ఓట్లు సమానమైతే చీటీ తీస్తారు.

కాగితం మీద ఇది చక్కని ఏర్పాటు. అమలులో ఆ విరామం ఎంతసేపు ఉంటుందన్నదే ప్రశ్న. అదే రోజు, అదే చోట, గెలిచిన వార్డు సభ్యులను సమావేశపరచి ఉపసర్పంచ్ ఎన్నిక కూడా జరపవలసి ఉంటుంది. గుమ్మం బయట ఊరంతా నిలబడి ఉంటుంది, పోలీసులు తొందరపెడుతుంటారు. ఓడిన అభ్యర్థి ఏజెంటు తెల్లకాగితం వెతుక్కొని, కారణాలు కూర్చుకొని, అర్జీ రాసేలోపు ప్రకటన అయిపోవచ్చు. నోటితో అడిగాననీ అధికారి వినలేదనీ తరువాత ట్రిబ్యునల్‌లో చెప్పుకొనేవారు అనేకులు. అటువంటి మాటకు సాక్ష్యం దొరకదు.

5. కోర్టు గడపలో

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చాక పంచాయతీ ఎన్నికలను ఎన్నికల పిటిషన్ ద్వారా తప్ప మరోవిధంగా ప్రశ్నించరాదని 243–ఓ అధికరణం ఖరారు చేసింది. ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం, 1994లోని 233వ సెక్షన్ అదే మాట చెబుతుంది. 1995 నాటి ట్రిబ్యునల్ నియమాల ప్రకారం గ్రామ పంచాయతీ వివాదాన్ని విచారించేది ఆ ప్రాంతపు మున్సిఫ్, నేటి మాటలో జూనియర్ సివిల్ జడ్జి. పిటిషన్ వేయడానికి గడువు 30 రోజులు. అంటే హద్దు తగాదాలు, ప్రామిసరీ నోట్లు, వారసత్వ పత్రాల మధ్యనే ఊరి సర్పంచ్ ఎవరన్న ప్రశ్న కూడా తన వంతుకోసం కూర్చుంటుంది.

ఆ న్యాయమూర్తి వాడవలసిన కొలమానం మాత్రం ఊరి కోసం తయారైనది కాదు. దాని మూలం 1964 నాటి రామ్ సేవక్ యాదవ్ కేసు. అది 1962 లోక్‌సభ ఎన్నిక వివాదం. బ్యాలెట్ పత్రాల పరిశీలన అడిగినంతలో లభించేది కాదనీ, పిటిషన్‌లో ముఖ్యమైన వాస్తవాలను నిర్దిష్టంగా చెప్పాలనీ, న్యాయం కోసం పరిశీలన అవసరమని ట్రిబ్యునల్‌కు ప్రాథమికంగా తోచాలనీ రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ఆధారాలు దొరుకుతాయేమోనన్న ఆశతో పెట్టెలు తెరిపించడం కుదరదన్నది. 1975 నాటి భాభీ కేసు దీనిని మరింత బిగించింది.

లోక్‌సభ నియోజకవర్గానికి ఈ జాగ్రత్త సమంజసమే. లక్షల కాగితాలను విప్పి లెక్కించడానికి రోజులు పడుతుంది; ఓడిన ప్రతివాడికీ ఆ అవకాశమిస్తే ఏ ఎన్నికా ముగియదు. ఆ తర్కంలో పరిమాణం ఒక ముఖ్యమైన భాగం. దానినే గ్రామానికి తెచ్చినప్పుడు పరిమాణం మారిపోయింది, తర్కం మారలేదు. 2018 తెలంగాణ చట్టం దరిమిలా 500 జనాభా ఉన్న తండాలూ గూడేలూ కూడా పంచాయతీలైనాయి. అటువంటి చోట మొత్తం బ్యాలెట్లు ఒక బల్ల మీద పట్టేవి. ఓట్లన్నీ మళ్ళీ లెక్కించడానికి పట్టే సమయం, లెక్కించాలా వద్దా అన్న వాదన వినడానికి పట్టే సమయంలో వందో వంతు ఉండదు.

తేడా తక్కువన్న ఒక్క కారణంతో పునర్లెక్కింపునకు ఆదేశించరాదని 2000లో తమిళనాడు పంచాయతీ అధ్యక్ష ఎన్నికకు సంబంధించిన వడివేలు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆంధ్రప్రదేశ్ సర్పంచ్ ఎన్నికకు సంబంధించి 2010 లా రిపోర్టులకెక్కిన మరో తీర్పు రెండు మెట్లను నిర్దేశించింది: లెక్కింపులో జరిగిన అక్రమానికి సంబంధించిన వాస్తవాలన్నీ పిటిషన్‌లో ఉండాలి, విచారణలో వచ్చిన సాక్ష్యం ట్రిబ్యునల్‌ను ప్రాథమికంగా నమ్మించాలి. ఏ బల్ల మీద, ఏ కట్టలో, ఎన్ని ఓట్లు, ఏ కారణంతో తప్పుగా తిరస్కరించారో చెప్పాలన్నమాట. లెక్కింపు గదిలో ఏజెంటుకు కాగితాలను తాకే హక్కు లేదు. అతను దూరంనుంచి చూసినవాడు. తెరవని పెట్టెలో ఏమున్నదో సుమారుగానైనా అంకెలతో చెప్పగలిగితేనే పెట్టె తెరుస్తారు. ఈ సూత్రంలోని ఇబ్బంది ఇక్కడే ఉన్నది.

బల్ల దగ్గర రాతపూర్వక అర్జీ ఇవ్వనివాడి గతి ఏమిటన్న ప్రశ్న మీద న్యాయస్థానం ఒకసారి కఠినంగా మాట్లాడి, తరువాత తగ్గింది. 1997 రామ్ రతి కేసు హర్యానా సర్పంచ్ ఎన్నికది. రిటర్నింగ్ అధికారికి కారణాలతో రాతపూర్వక అర్జీ ఇవ్వని పక్షంలో ట్రిబ్యునల్ పునర్లెక్కింపునకు ఆదేశించరాదన్న అర్థం ఆ తీర్పులోనుంచి వచ్చింది. 2003లో మధ్యప్రదేశ్ పంచాయతీకి సంబంధించిన సోహన్ లాల్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ అర్థాన్ని అంగీకరించలేదు. అర్జీ లేనంత మాత్రాన అధికారం పోదనీ, తగిన కేసులో ఆదేశించవచ్చుననీ అన్నది. గ్రామ లెక్కింపు గది ఏ స్థితిలో ఉంటుందో గుర్తించిన కొద్ది తీర్పుల్లో ఇది ఒకటి.

కట్టుబాటు వైపు నిలిచే వాదనను తేలికగా తీసివేయరాదు. గ్రామంలో బ్యాలెట్ రహస్యం పట్టణంలోకన్నా పలుచన. వార్డుకు 150 ఓట్లుంటే, ఏ ఇల్లు ఎటు వెళ్లిందో లెక్కింపునాడే సగం తెలిసిపోతుంది. కట్టలు మళ్ళీ విప్పిన ప్రతిసారీ, ముద్ర ఎలా పడింది, కాగితం ఎలా మడిచారు అన్న ఆనవాళ్లను చూసే కళ్లు పెరుగుతాయి. మడతను గుర్తుగా పెట్టుకోమని చెప్పి ఓటు కొనే పద్ధతి ఉన్నచోట అది నిజమైన ప్రమాదమే. కాని ఆ ప్రమాదం మొదటి లెక్కింపులోనూ అంతే ఉన్నది. రెండవదానిని మాత్రమే ఆపితే అది తీరదు.

కాలం సంగతి వేరు. సర్పంచ్ పదవీకాలం 5 ఏళ్లు. ట్రిబ్యునల్ ఉత్తర్వు మీద హైకోర్టులో రివిజన్, అక్కడ స్టే, తరువాత సుప్రీంకోర్టు. ఈలోగా నిధుల మీద చెక్కు సంతకం ఓడినవాడిదో గెలిచినవాడిదో తేలకుండానే నడుస్తుంది. పదవీకాలం ముగిస్తే వివాదం నిష్ఫలమైనట్లే. పునర్లెక్కింపు కోరే అభ్యర్థి ఎదుర్కొనే అసలు ప్రత్యర్థి పంచాంగం.

6. యంత్రం, రసీదు, నమూనా

ఓటింగ్ యంత్రంతో పునర్లెక్కింపు అన్న మాట అర్థం మారింది. యంత్రం కంట్రోల్ యూనిట్‌లో ఫలితం మీట మళ్ళీ నొక్కితే అదే అంకె వస్తుంది. సందేహాస్పద బ్యాలెట్ లేదు, చెల్లని ఓటు లేదు. అందువల్ల యంత్రాన్ని మళ్ళీ చదివినందువల్ల పట్టుబడేది ఒకే రకం తప్పు: తెర మీది అంకెను మనిషి ఫారంలోకి ఎక్కించేటప్పుడు చేసిన తప్పు. యంత్రమే తప్పు నమోదు చేసిందా అన్న ప్రశ్నకు యంత్రం సమాధానం చెప్పలేదు. ఆ లోటు తీర్చడానికి 2013లో సుబ్రమణ్యం స్వామి కేసులో సుప్రీంకోర్టు కాగితపు రసీదును తప్పనిసరి అన్నది. అదే వీవీప్యాట్.

ఆడిట్ అన్న ఆలోచన మన ఎన్నికల చర్చలోకి గట్టిగా వచ్చినది ఈ రసీదులతోనే, అదీ ఒక తెలుగు నాయకుని పేరుతో. 2019లో నారా చంద్రబాబునాయుడు మరో 20 మంది ప్రతిపక్ష నాయకులతో కలిసి, సగం యంత్రాల రసీదులను లెక్కించి సరిచూడాలని కోరారు. శాసనసభ నియోజకవర్గానికి ఒక్క యంత్రాన్ని సరిచూస్తున్న పద్ధతిని 5 యంత్రాలకు పెంచుతూ ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ విచారణలో ఎన్నికల సంఘం ముందుంచిన గణాంక నిపుణుల నివేదిక దేశం మొత్తానికి 479 యంత్రాల నమూనా చాలునన్నది. దేశాన్నంతా ఒకే రాశిగా తీసుకొంటే ఆ అంకెలో తప్పులేదు. అయితే ఎన్నికలో నిర్ణయమయ్యేది దేశపు సగటు కాదు. ఒక్కొక్క స్థానంలో ఎవరు గెలిచారన్నది. 2024 ఏప్రిల్ 26 తీర్పులో రెండు, మూడు స్థానాల్లో నిలిచిన అభ్యర్థులు కోరితే 5 శాతం యంత్రాల మెమొరీని తనిఖీ చేయించుకొనే వీలు వచ్చింది.

అమెరికాలో ఈ చర్చ మరో దారి పట్టింది. అక్కడి గణాంకశాస్త్రవేత్త ఫిలిప్ స్టార్క్ రూపొందించిన పద్ధతిలో నమూనా పరిమాణం ముందుగా స్థిరపడదు. గెలుపు తేడాను బట్టి మారుతుంది. తేడా ఎక్కువైతే కొద్ది కాగితాలు చాలు, తక్కువైతే ఎక్కువ చూడాలి, మరీ తక్కువైతే మొత్తం చేతితో లెక్కించాలి. 2008లో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో ఒక స్థానిక ప్రతిపాదన మీద జరిగిన ఓటింగ్‌లో దీనిని ప్రయోగించి చూశారు. 2017నుంచి కొలరాడో రాష్ట్రమంతటా అమలైంది. మన గ్రామానికి ఈ సూత్రాన్ని అన్వయిస్తే వచ్చే సమాధానం సులభమైనది. ఒకటి రెండు వేల ఓట్లలో 10 ఓట్ల తేడా ఉంటే నమూనా అన్నదానికి చోటే లేదు. మొత్తం లెక్కించడమే ఆడిట్.

పైన చెప్పిన వీవీప్యాట్ తీర్పులన్నీ పార్లమెంటు, శాసనసభ ఎన్నికలవి. స్థానిక ఎన్నికలు రాష్ట్ర ఎన్నికల సంఘాల పరిధిలోనివి; అనేక రాష్ట్రాల్లో అక్కడ వాడే యంత్రాలకు రసీదు జోడించలేదు. రెండు తెలుగు రాష్ట్రాల గ్రామ పంచాయతీల్లో మాత్రం కాగితమే కొనసాగుతున్నది. పాతబడినదని కొందరు ఎద్దేవా చేసే ఆ గులాబీ కాగితానికి రసీదు లేని యంత్రానికి లేని గుణం ఒకటి ఉన్నది: ఓటరు స్వయంగా వేసిన ముద్ర దానిమీద మిగిలి ఉంటుంది.

7. తేడా, వివాదాస్పద ఓట్లు

గెలుపు తేడానూ వివాదంలో ఉన్న ఓట్లనూ పోల్చి చూడాలన్న తర్కం మన దగ్గర లేకపోలేదు. 2020 డిసెంబరు నాటి గ్రేటర్ హైదరాబాద్ మునిసిపల్ ఎన్నికలు కాగితపు బ్యాలెట్‌తో జరిగాయి. స్వస్తిక్ ముద్రకు బదులు పోలింగ్ కేంద్రానికి చెందిన మరో ముద్ర పడిన ఓట్లు చెల్లుతాయా అన్న వివాదం లెక్కింపు ముందురోజు రాష్ట్ర ఎన్నికల సంఘం ఇచ్చిన ఉత్తర్వుతో మొదలై హైకోర్టుకు చేరింది. నేరేడ్‌మెట్ డివిజన్‌లో ముందున్న అభ్యర్థి ఆధిక్యం 504. అటువంటి ఇతర ముద్రల ఓట్లు 544. తేడాకన్నా వివాదాస్పద ఓట్లు ఎక్కువ కనుక ఆ ఒక్క డివిజన్ ఫలితాన్ని నిలిపివేశారు. హైకోర్టు దారి చూపిన తరువాత డిసెంబరు 9న లెక్కింపు పూర్తయింది; ముందున్న అభ్యర్థే గెలిచారు. ఫలితం మారలేదు కనుక ఈ ఘటనను అందరూ మరచిపోయారు. పద్ధతి దృష్ట్యా మాత్రం ఇది గుర్తుంచుకోదగినది: ఎవరూ అక్రమాన్ని రుజువు చేయనక్కరలేకుండా, రెండు అంకెల పోలికే ఫలితాన్ని ఆపింది.

చండీగఢ్ మేయర్ ఎన్నిక దీనికి భిన్నమైనది. 2024 జనవరి 30న పోలైనవి 36 ఓట్లు. ప్రిసైడింగ్ అధికారి 8 ఓట్లు చెల్లవని పక్కనపెట్టి, 16–12తో ఫలితం ప్రకటించాడు. ఫిబ్రవరి 20న సుప్రీంకోర్టు ఆ 8 కాగితాలను కోర్టు హాలులోనే పరిశీలించింది. వాటి మీద గీతలు గీసినది అధికారే అని తేలింది. ఆ ఓట్లన్నీ ఓడినట్లు ప్రకటించిన కుల్దీప్ కుమార్‌వే. 20–16తో అతన్ని మేయర్‌గా ప్రకటించారు. కాగితాలు ఎనిమిదే కావడం, అధికారి చర్య కెమెరాలో ఉండటం ఈ వేగానికి కారణాలు. మూడు వారాల్లో ముగిసిన ఇటువంటి వివాదం అరుదు.

8. బువానా లాఖూ

హర్యానా గ్రామంలో పోలింగ్ 2022 నవంబరు 2న జరిగింది. పొరపాటు ఒక్క పోలింగ్ కేంద్రంలోనిది, 69వది. అక్కడ ఇద్దరు అభ్యర్థుల ఓట్లు తారుమారుగా నమోదైనాయన్నది ఓడిన అభ్యర్థి ఫిర్యాదు. యంత్రం సరిగానే ఉన్నది, కాగితం మీదికి ఎక్కించిన చేయి తప్పినది అన్నమాట. యంత్రాన్ని మళ్ళీ చదవడంతో పట్టుబడగల తప్పు ఇది ఒక్కటేనని పైన చూశాం. బువానా లాఖూలో అడిగినది సరిగ్గా అదే.

పానిపట్‌లోని ట్రిబ్యునల్ ఆ కేంద్రపు ఓట్లను తిరిగి లెక్కించమని 2025 ఏప్రిల్ 22న ఆదేశించింది. పంజాబ్–హర్యానా హైకోర్టు జులై 1న ఆ ఆదేశాన్ని రద్దు చేసింది. జులై 31న సుప్రీంకోర్టు, జస్టిస్ సూర్యకాంత్ నాయకత్వంలోని ధర్మాసనం, ఒక్క కేంద్రం కాదు, అన్ని కేంద్రాల యంత్రాలనూ తెమ్మన్నది. ఆగస్టు 6న లెక్క తేలింది: మొత్తం 3,767 ఓట్లు, ఫిర్యాదు చేసిన అభ్యర్థికి 1,051, పదవిలో ఉన్నవారికి 1,000. యంత్రాలను చదవడం ఒక్కరోజు పని.

ఆగస్టు 11న ఇచ్చిన ఉత్తర్వులో, రెండు రోజుల్లోగా గెలిచినవారి పేరును నోటిఫై చేయాలని కోర్టు అధికారులను ఆదేశించింది. అప్పటికి 60 నెలల పదవీకాలంలో 33 నెలలు గడిచాయి. ఇంకేమైనా అంశాలు మిగిలి ఉంటే వాటిని పానిపట్ ట్రిబ్యునల్ ముందు లేవనెత్తుకొనే వీలును అదే ఉత్తర్వు ఇరుపక్షాలకూ ఉంచింది.